మా ల్యాబ్ వెబ్‌సైట్‌ని మళ్లీ కట్టిన అనుభవం

పీహెచ్‌డీ మూడో ఏడులో ఉండగా మేడమ్ పిలిచి, "మన ల్యాబ్ వెబ్‌సైట్ సంగతి కాస్త చూడమ్మా" అన్నారు. తెరిచి చూస్తే, రెండేళ్ల కిందట థీసిస్ ఇచ్చి వెళ్లిపోయిన సీనియర్ ఇంకా ‘ప్రస్తుత విద్యార్థులు’లోనే ఉన్నారు. ఆ ఏడాది మేం వేసిన పేపర్లలో ఒక్కటీ లేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే వారం పట్టింది.

కొత్త థీమ్ వేసి రంగులు మారిస్తే సరిపోతుందని మొదట అనుకున్నాను. ఒకరోజు నేనే ఒక పేపర్ ఎక్కించబోయాక అసలు ఇబ్బంది అర్థమైంది. పబ్లికేషన్స్ పేజీలో ఒకసారి, వార్తల్లో ఒకసారి, రాసిన నలుగురి సొంత పేజీల్లో నాలుగుసార్లు, మొత్తం ఆరుచోట్ల అదే వివరం పెట్టాలి. ప్రయోగాలు పక్కనపెట్టి ఈ పని ఎవరు చేస్తారు? సైట్ పాతబడిందంటే విద్యార్థుల బద్ధకం వల్ల కాదు, దాన్ని కట్టిన తీరు వల్లే.

అందుకే ఏ వివరమైనా ఒక్కచోటే రాయాలి, కావలసిన పేజీలన్నీ అక్కడినుంచే తీసుకోవాలి అని పెట్టుకున్నాను. పేపర్లు లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే రాస్తాం కాబట్టి మా పబ్లికేషన్లన్నీ ఎలాగూ ఒక బిబ్‌టెక్ ఫైల్లో, అంటే పేపర్ల వివరాలు వరుసగా రాసిపెట్టుకునే ఫైల్లో ఉన్నాయి. 1985 నుంచి నడుస్తున్న ఫార్మాట్ అది, మా తర్వాత కూడా ఉంటుందని నమ్మకం. జెకిల్ అనే టూల్‌తో స్టాటిక్ సైట్ (పేజీలన్నీ ముందే తయారై ఉండే సైట్) కట్టి, దానికి తోడుగా వాడే జెకిల్ స్కాలర్ ప్లగిన్‌తో ఆ ఫైలునుంచే పేపర్ల జాబితాలన్నీ తయారయ్యేలా చేశాను. ఇక డేటాబేస్ లేదు, పోగొట్టుకోవడానికి సైట్ అడ్మిన్ పాస్‌వర్డూ లేదు. ఒక్క చిక్కు వచ్చింది. మా సైట్‌ని ఉంచిన గిట్‌హబ్ పేజెస్ సర్వీసు తనంతట తాను బిల్డ్ చేసేటప్పుడు, అంటే ఫైళ్లనుంచి పేజీలు తయారుచేసేటప్పుడు, ఈ ప్లగిన్‌ని ఒప్పుకోదు. దానికి బదులు, మనం చెప్పిన పనుల్ని నడిపిపెట్టే గిట్‌హబ్ యాక్షన్స్‌లో బిల్డ్ పెట్టుకోవాలని తెలిసేసరికి రెండు రోజులు పోయాయి.

కోడ్ కన్నా ఆ బిబ్‌టెక్ ఫైలును బాగుచేయడానికే ఎక్కువ సమయం పట్టింది. మేడమ్ పేరే మూడు రకాలుగా ఉంది: ఒకచోట పూర్తిగా, ఒకచోట ఇనిషియల్స్‌తో, ఇంకోచోట ఇంటిపేరు ముందుకొచ్చి. దాంతో ఆవిడ పేజీలో సగం పేపర్లే కనిపించాయి. ఒక సాయంత్రమంతా కూర్చుని వరుసన సరిచేశాను.

పాత లింకుల విషయంలో మాత్రం చాలా టెన్షన్ పడ్డాను. మా డేటా ఫలానా పేజీలో ఉందని కొన్ని పేపర్లలో అచ్చయిపోయింది. అచ్చయిన దాన్ని ఎవరూ దిద్దలేరు. ఎక్కడో ఎవరో మా పేపర్ చదివి ఆ లింకు నొక్కితే ‘పేజీ లేదు’ అని రాకూడదు. కాబట్టి పాత అడ్రసులన్నీ రాసుకుని, ఒక్కోదానికీ కొత్త పేజీకి దారి మళ్లించాను. డేటాను మాత్రం పరిశోధన డేటాను దాచిపెట్టే జెనోడో సైట్‌లోకి మార్చాం. అక్కడ దానికి సొంత డీఓఐ (మారని శాశ్వత గుర్తింపు నంబరు) వస్తుంది, రేపు మా సైటే మారినా డేటా దొరుకుతుంది.

చివరికి, ఆ వారమే చేరిన జూనియర్‌కి ఒక పేజీ సూచనలిచ్చి, తన వివరాలు తననే పెట్టుకోమన్నాను. పక్కన కూర్చున్నాను గానీ నోరు విప్పలేదు. బిల్డ్ ఫెయిలైంది. "అక్కా, నేనేం పాడుచేశాను?" అని కంగారుపడింది. తను చేసిన తప్పేమీ లేదు. రీసెర్చ్ టైటిల్ మధ్యలో కోలన్ ఉంది, కోట్స్‌లో పెట్టకపోతే, ఈ వివరాలు రాసుకునే యామల్ ఫార్మాట్ దాన్ని ఇంకో ఫీల్డ్ అనుకుంటుంది. ఆ సంగతి సూచనల్లో నేనే రాయలేదు. అప్పటికప్పుడు చేర్చాను, నమూనా ఎంట్రీలో ప్రతి విలువకీ ముందే కోట్స్ పెట్టేశాను. అలా ఇంకో ఇద్దరిని కూర్చోబెట్టి చూశాకే పాత సైట్ తీసేశాం.

మొన్న నేను కాన్ఫరెన్స్‌లో ఉండగా సైట్లో కొత్త పేపర్ కనిపించింది. జూనియర్ పెట్టిందేమో అనుకుని మార్పు ఎవరు చేశారో చూపే కమిట్ రికార్డు తెరిచి చూశాను. మేడమే పెట్టుకున్నారు.