బోల్టు మీద తెల్ల గీత

"దవా దియా, బీమారీ నహీ దేఖా." మందిచ్చారు, జబ్బు చూడలేదు.

అబుదాబి ముసఫ్ఫాలో ఒక గ్యారేజీ కౌంటర్ దగ్గర ఓ ఎమిరాతీ పెద్దాయన అన్న మాట ఇది. వేగంలో స్టీరింగ్ కొట్టుకుంటోందని వచ్చిన ఆయన జీప్ రాంగ్లర్‌కి, ఆ ఊపుని మింగే స్టీరింగ్ డ్యాంపర్ కొత్తది వేసి పంపితే పది రోజులకే బండి తిరిగొచ్చింది. ఆయన గొంతు పెంచలేదు. తాళం చెవి కౌంటర్ మీద పెట్టి, "మీ దేశంలో ఇలాగే చేస్తారా?" అని మాత్రం అడిగాడు.

మొదటి మాటకు జవాబు లేదు, అది నిజం. గుచ్చుకున్నది రెండోది. ఎందుకంటే మన దగ్గర అలా చేయరు. పాడేరు, అరకు ఘాట్‌ రోడ్ల మీద పాత మహీంద్రా జీపుల్ని ఏళ్ళ తరబడి బతికించిన మేస్త్రీలు ఏదో ఒక సామాను మార్చి చేతులు దులుపుకునే రకం కాదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని రెండుసార్లు ఊపితే చాలు, కింగ్ పిన్ (చక్రం పక్కకి తిరిగే ఇరుసు) పోయిందో బేరింగ్ వదులైందో చెప్పేస్తారు. లిఫ్టు ఉండదు, మీటరు ఉండదు. ఆ చేతిని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే పడటం కష్టం.

కాకపోతే ఆ చేతికి అలవాటు లేని రాడ్డు ఒకటి ఈ బండి కింద ఉంది.

పాత జీపులో ముందు యాక్సిల్‌ కమాన్ పట్టీల మీద కూర్చుంటుంది. బరువు మోసేదీ కమానే, యాక్సిల్ పక్కకి జరక్కుండా ఆపేదీ కమానే. రాంగ్లర్‌లో 1997 మోడల్ నుంచి ముందు వెనక కాయిల్ స్ప్రింగులే. కాయిల్ బరువు మోస్తుందిగానీ పక్కకి ఆపలేదు. ఆ పనంతా ట్రాక్ బార్ అనే ఒక్క రాడ్డుది. నిస్సాన్ పట్రోల్, టయోటా ల్యాండ్ క్రూజర్ వాళ్ళు దాన్ని పాన్‌హార్డ్ రాడ్ అంటారు. రాంగ్లర్‌లో ఒక చివర డ్రైవర్ వైపు చాసిస్‌కి, రెండో చివర ప్యాసింజర్ వైపు యాక్సిల్‌కి బిగించి ఉంటుంది. ఉన్నవి రెండే బోల్టులు. వాటిలో ఒకటి తన రంధ్రంలో అర మిల్లీమీటరు కదిలినా చాలు, యాక్సిల్ మొత్తానికి ఆట (వదులు కదలిక) మొదలవుతుంది.

మనవాళ్ళు "స్టీరింగ్ కొట్టుకుంటోంది" అంటారు, ఇక్కడ ఎడారిలో బండ్లు తోలేవాళ్ళు డెత్ వాబుల్ అంటారు. ఎనభై తొంభై వేగంలో వంతెన అతుకు మీద చక్రానికి చిన్న దెబ్బ తగులుతుంది. అంతే, ముందు చక్రాలు రెండూ కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలుపెడతాయి, యాక్సిల్ పక్కలకు ఊగుతుంది, స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కుపోతుంది. ఉయ్యాల తిరిగొచ్చిన క్షణానికి సరిగ్గా మళ్ళీ తోస్తే ఎలా పెరుగుతుందో ఇదీ అంతే. ఆ తోపు బండి వేగంలోంచే వస్తుంది కాబట్టి వేగం తగ్గితే తప్ప ఆగదు. అప్పుడు బ్రేకు మీద ఒక్కసారిగా నిలబడకూడదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్‌ని తిన్నగా పట్టుకుని, బొటనవేళ్ళు స్పోకుల లోపల పెట్టకుండా, మెల్లగా వేగం దింపి పక్కకి ఆపాలి.

డ్యాంపర్ సంగతి ఇక్కడే తేలిపోతుంది. అది అడ్డంగా పడుకోబెట్టిన షాక్ అబ్సార్బర్, అంతకంటే ఏమీ కాదు. ఊపుని మింగుతుందిగానీ ఊపు పుట్టకుండా ఆపలేదు. కొత్తది గట్టిగా ఉంటుంది కాబట్టి కొన్నాళ్ళు దాచిపెడుతుంది. ఈలోగా వదులైన బోల్టు తన రంధ్రాన్ని ఇంకా తినేస్తూనే ఉంటుంది. పాత డ్యాంపర్ నూనె కారుతుంటే మార్చండి, తప్పు లేదు. కానీ అన్నీ చూశాక, చివరన.

బండి లోపలికి రాగానే కిందికి దూరకుండా ముందు యజమానిని అడగాలి. ఒక వేగం దగ్గర మొదలై ఆ వేగం దాటగానే తగ్గే వణుకైతే టైరు బ్యాలెన్స్. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డిస్కులు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సీటు కింద గుర్రుమంటే, అందులోనూ బండి ఎత్తు పెంచి ఉంటే, ఇంజిన్ శక్తిని యాక్సిల్‌కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం, దాని కీళ్ళైన యూ జాయింట్లు. గుంతో అతుకో తగిలాక మొదలై వేగం తగ్గేదాకా ఆగకపోతేనే ఇది వాబుల్. ఈ నాలుగు ప్రశ్నలు అడగకపోవడం వల్లే అనవసరంగా టైర్లు మారతాయి, డ్యాంపర్లు మారతాయి, కస్టమర్ డబ్బు పోతుంది.

డబ్బు ఖర్చు లేని పనులు ముందు. ఇసుకలోకి దిగేముందు గాలి పన్నెండు, పదిహేను పీఎస్ఐకి దించుతారు. రోడ్డెక్కాక డోర్ స్టిక్కర్ మీద ఉన్నంత మళ్ళీ నింపారా లేదా చూడాలి. రిమ్ము లోపలి వైపు చెయ్యి పెట్టి తడమాలి, తడిసి గట్టిపడిన ఇసుక గడ్డ ఒక్కటి చాలు బ్యాలెన్స్ చెడటానికి. చక్రం నట్టుల బిగువు ఆ మోడల్ మాన్యువల్‌లో చెప్పినంత ఉందా అని, బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో చూడాలి. తర్వాత ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి రోడ్డు మీద తోలాలి. తేడా కనిపిస్తే దెబ్బ కొట్టేది టైరు. అయినా వదులు ఎక్కడో ఉన్నట్టే. బిగువుగా ఉన్న బండి టైరు బాగాలేకపోతే వణుకుతుందిగానీ చేతుల్లోంచి స్టీరింగ్ లాక్కుపోదు.

ఇప్పుడు అసలు పరీక్ష. మనవాళ్ళు చాలామంది తప్పు చేసేది ఇక్కడే, అలవాటు కొద్దీ జాకీ పెట్టి చక్రం ఎత్తి ఊపుతారు. ట్రాక్ బార్ వదులు అలా దొరకదు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉండాలి, బరువు యాక్సిల్ మీద ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి ఇంజిన్ నడుస్తుండాలి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ని కొంచెం కుడికి, కొంచెం ఎడమకి టకటకా తిప్పాలి. పూర్తిగా తిప్పక్కర్లేదు, చక్రం కదలబోయి ఆగేంత చాలు. రెండోవాళ్ళు కింద టార్చితో ట్రాక్ బార్ యాక్సిల్ వైపు చివరను చూడాలి. బ్రాకెట్టూ బార్ కొసా రెండూ తగిలేలా వేలి కొస ఆనించాలి, నలిగే సందులో కాదు. బార్ కొసలోని రబ్బరు (బుష్) సాగితే మెత్తగా తెలుస్తుంది, అది మామూలే. టక్కున గోటి కింద తగిలినట్టు ఉంటే బోల్టు రంధ్రంలో కదులుతోందని అర్థం. అలాగే చాసిస్ వైపు చివర, స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపు పోయే డ్రాగ్ లింక్ రెండు కొసలు, రెండు చక్రాల్నీ కలిపే టై రాడ్ రెండు కొసలు, స్టీరింగ్ బాక్స్‌ని చాసిస్‌కి పట్టిన బోల్టులు. ఒక్కో దాని దగ్గర నిమిషమైనా ఉండాలి. తొందరపడితే కనిపించదు.

ఆ తర్వాతే జాకీ. యాక్సిల్ కింద పెట్టి, టైరు కింద గడ్డపార దూర్చి పైకి లేపితే చక్రం పక్కకి తిరిగే గుండు కీలు, అంటే బాల్ జాయింట్, నిలువు ఆట తెలుస్తుంది. చక్రం పైనా కిందా పట్టి ఊపితే కదులుతోందా, లోపలివాళ్ళని బ్రేకు తొక్కి ఉంచమనండి. ఆట పోతే హబ్ బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ జరక్కుండా పట్టే కంట్రోల్ ఆర్మ్ బుష్‌లకు గడ్డపార పెట్టి మీటితే చిరిగిన రబ్బరు నోరు తెరుస్తుంది.

ఆ పెద్దాయన బండిలో యాక్సిల్ వైపు ట్రాక్ బార్ రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. బోల్టు బిగువుగానే కనిపించింది, పానాతో కదల్లేదు. కానీ ఒకప్పుడు వదులుగా ఉండి రంధ్రాన్ని తిన్నాక ఎవరో బిగించారు. అలాంటి రంధ్రానికి కొత్త బోల్టు వేసినా లాభం లేదు. సరైన రంధ్రమున్న మందపాటి వాషర్‌ని బ్రాకెట్‌కి వెల్డింగ్ చేయాలి, లేదా బ్రాకెట్టే మార్చాలి.

ఇక టార్క్ రెంచ్. ఈ విషయం మీద ఇక్కడ ఫోర్‌మన్లతో మనవాళ్ళకి గొడవలు జరుగుతూనే ఉంటాయి. మన మేస్త్రీ కమాన్ యూ బోల్టుకి పానా పెట్టి, దానికి పైపు తొడిగి, బరువంతా వేసి బిగిస్తాడు. ఆ పనికి ఆ అలవాటు సరిపోయేది, జీపు ఘాట్‌లో నలభై వేగం దాటదు. ఇక్కడ అదే అలవాటు చూసి "అంచనా పని" అంటే ఒళ్ళు మండుతుంది. అయినా ఒప్పుకోవాల్సింది ఉంది. ట్రాక్ బార్‌ని రంధ్రంలో నిలబెట్టేది బోల్టు లావు కాదు, బిగింపు వల్ల బ్రాకెట్టుకీ బుష్ గొట్టానికీ మధ్య పుట్టే పట్టు. రాంగ్లర్ జేకేలో (2007 నుంచి 2018 దాకా వచ్చిన మోడల్) దానికి 125 ఫుట్ పౌండ్లు, అంటే 170 న్యూటన్ మీటర్లు కావాలి. తక్కువైతే బోల్టు జారి రంధ్రాన్ని తింటుంది, మరీ ఎక్కువైతే బోల్టు సాగి పట్టు వదులుతుంది. ఉదయం ఆరింటికి బిగించిన చెయ్యీ, నలభై అయిదు డిగ్రీల ఎండలో సాయంత్రం బిగించిన చెయ్యీ ఒకటి కావు. మేస్త్రీ చెయ్యి వదుల్ని పట్టుకోగలదు. 170ని మాత్రం కొలవలేదు. ఇది ఆయన తప్పు కాదు, ఎవరి చెయ్యీ కొలవలేదు.

ఇంకొకటి, దీన్ని నేర్పినవాళ్ళు తక్కువ. ట్రాక్ బార్, కంట్రోల్ ఆర్మ్ బోల్టుల చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే చేయాలి. లిఫ్టు మీద యాక్సిల్ వేలాడుతుండగా బిగిస్తే బుష్ రబ్బరు ఆ కోణంలోనే ఇరుక్కుపోతుంది. బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడుతుంది, కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. కొత్త బుష్‌లు వేసినా నిలవట్లేదని వచ్చే బండ్లలో ముందు అనుమానించాల్సింది ఇదే.

ఎత్తు పెంచిన బండైతే క్యాస్టర్, అంటే చక్రం పక్కకి తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, కూడా చూడాలి. జేకేకి కంపెనీ కోణం నాలుగు డిగ్రీల చుట్టూ ఉంటుంది. స్ప్రింగులు మార్చి మూడంగుళాలు ఎత్తి, కంట్రోల్ ఆర్మ్‌లు పాతవే ఉంచితే అందులో సగం దాకా పోవచ్చు, చక్రం తనంతట తాను తిన్నబడటం తగ్గుతుంది. యాక్సిల్ డ్రైవర్ వైపు జరుగుతుంది కూడా. ట్రాక్ బార్, డ్రాగ్ లింక్ రెండూ ఒకే వాలులో ఉండాలి, ఒక్కదాన్నే కిందికి దించే బ్రాకెట్ వేస్తే గుంత గుంతకీ స్టీరింగ్ లాగుతుంది.

పాత పట్రోల్ సఫారీ, ల్యాండ్ క్రూజర్ 70 వస్తే బాల్ జాయింట్లు ఉండవు, కింగ్ పిన్ బేరింగ్‌లు ఉంటాయి. మన చెయ్యి గర్వంగా తలెత్తుకునే చోటు ఇది. అయినా ఇక్కడ దానికీ కొలత ఉంది. టై రాడ్ విప్పి, నకిల్ (చక్రాన్ని మోసి పక్కకి తిప్పే భాగం) చేతికి స్ప్రింగ్ కాటా తగిలించి లాగుతారు. మన వీధుల్లో పాత పేపర్లు కొనేవాళ్ళు పట్టుకొచ్చే కొక్కెం కాటా లాంటిదే. నకిల్ కదలడం మొదలైనప్పుడు ముల్లు ఎన్ని కిలోలు చూపిందో ఆ మోడల్ మాన్యువల్‌తో పోల్చాలి. తక్కువైతే షిమ్ (పల్చటి రేకు) తీసి బిగువు పెంచాలి. ఈ సామాను కోసం గల్ఫ్ దాకా రావక్కర్లేదు. మన దగ్గర 2023 జూన్‌లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీ ముందు యాక్సిల్ ఇదే తరహా, కాయిల్ స్ప్రింగులు, కింగ్ పిన్‌లు, పక్క రాడ్డు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అది డెబ్భై వేగంలో కొట్టుకుంటే అలైన్‌మెంట్ షాపుకి పోయేముందు ఆ కాటా తీయండి. 2020 థార్‌కి మాత్రం ఈ లెక్క పనికిరాదు, దానికి ముందు చక్రాలు రెండూ వేటికవే విడిగా ఉంటాయి.

బిగించడం అయ్యాక ప్రతి బోల్టు తల మీంచి బ్రాకెట్ మీదికి తెల్ల పెయింట్ మార్కర్‌తో ఒకే గీత గీయాలి, ముందు డీజిల్‌తో తుడిచి ఆరాక. వంద కిలోమీటర్లు తిరిగాక, అబుదాబి ఎడారిలోని లివా ఇసుక దిబ్బల్లోంచి మొదటిసారి తిరిగొచ్చాక కింద పడుకుని టార్చి వేసి చూడాలి. గీత తిన్నగా ఉంటే రెంచ్‌తో ఒక్కసారి సరిచూసుకుంటే చాలు. తల మీది ముక్కా బ్రాకెట్ మీది ముక్కా వెంట్రుకంత ఎడబాసినా బోల్టు తీసి రంధ్రం చూడాలి. ఊరికే బిగించి పంపకూడదు.