ఒక నమోదు ఉత్తరం

"ఆంటీ, నా పేరు మీద వచ్చింది చూడండి" అంటూ మా అబ్బాయి స్నేహితుడు ఈ సాయంత్రం వంటగదిలోకి వచ్చి, అవసరమైతే సైన్యానికి పిలవదగినవారి పేర్లు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ, సెలెక్టివ్ సర్వీస్ వారు పంపిన ఉత్తరాన్ని బల్ల మీద పరిచి, మడత పోయేలా అరచేత్తో రెండుసార్లు సాపు చేశాడు.

మెక్సికో నుంచి 2010లో తల్లి చంకనెక్కి వచ్చిన పిల్లవాడికి ఇప్పుడు 18 నిండాయి. అమెరికాలో ఉంటున్న 18 నుంచి 25 ఏళ్ల మగవారు, ఈ పిల్లవాడిలా ఇక్కడ ఉండేందుకు అనుమతి పత్రాలు లేనివారైనా సరే, అవసరమైతే సైన్యానికి పిలిచేందుకు పేరు నమోదు చేసుకోవాలని చట్టం. అదే పిల్లవాడు తనంతట తాను చేరతానంటే మాత్రం పౌరసత్వమో గ్రీన్‌కార్డో చూపించమంటారు. చిన్నప్పుడు పత్రాలు లేకుండా వచ్చినవారిని వెనక్కి పంపకుండా ఆపే డాకా రక్షణ 2007 జూన్ 15కు ముందు నుంచీ ఇక్కడున్నవారికే, కనుక వీడికి అది లేదు. ఆ డాకా ఉన్నవారిలోనూ సైన్యానికి అవసరమైన భాషలు వచ్చిన కొందరికి, విదేశీయులను సైన్యంలో చేర్చుకునే మావ్నీ పథకం 2014లో దారి తెరిచింది కానీ, 2016లో అదీ మూసుకుపోయింది.

వీసా మీద ఉన్న మా అబ్బాయికి ఈ నమోదు అవసరమే లేదు, వాడికి సైన్యం ధ్యాసా లేదు. ఈ పిల్లవాడు మాత్రం మూడేళ్లుగా తెల్లవారకముందే మా వీధి చివరిదాకా పరుగెత్తడం నేను చూస్తున్నాను.

యుద్ధం వస్తే పిలవడానికి పనికివచ్చే పేరు, తానుగా వచ్చి నిలబడితే ఎందుకు పనికిరాదు? ఇది అన్యాయమని నా మనసు గట్టిగా చెబుతోంది.

పెట్టిన ఉప్మా తినేసి, ఉత్తరాన్ని లెక్కల పుస్తకంలో జాగ్రత్తగా దాచుకుని వెళ్లాడు.