మునిగిన ఊళ్ల పోస్టాఫీసులు: సగం ముద్రతో ఆరు వారాలు

శ్రీశైలం జలాశయం అడుగున ఉన్న ఊళ్ల తపాలా ముద్రల వేటలో ఆరు వారాలుగా ఒకే ఒక్క కార్డు నా చేత కుస్తీ పట్టిస్తోంది. నందికొట్కూరు, ఆత్మకూరు ముద్రలున్న మిగిలిన మూడూ ఒక్క పూటలో తేలిపోయాయి.

ఇది 5 నయా పైసల కార్డు. ముద్రలో సంవత్సరం చివరి అంకె కనబడకపోయినా దాని ముందున్న 6 స్పష్టంగా ఉంది. 1964లో ‘నయా’ అన్న మాట తీసేశారు కనుక కార్డు 1960కీ ఆ తరువాతి నాలుగైదేళ్లకీ మధ్యదై ఉండాలి. “ఏరు పొంగి పుట్టి నిలిచిపోయినందున రాలేకపోతిమి” (పుట్టి అంటే గుండ్రని పడవ) అని రాసిన ఆ ఊరు కృష్ణ ఒడ్డుదని తెలుస్తోంది కానీ, ఏ ఒడ్డుదో తెలియడం లేదు. ఊరి పేరులో ‘ఈశ్వరం’ అన్న చివరి ఏడు ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే మిగిలాయి. ఆ లోయలో సంగమేశ్వరం, సిద్ధేశ్వరం, అవతలి ఒడ్డున మల్లేశ్వరం ఉండనే ఉన్నాయి.

పేరు వలయం పైభాగాన సరిగ్గా మధ్యకు కూర్చి ఉంటుందన్న నమ్మకంతో కోణాలు కొలిచాను. ముద్ర వ్యాసం 28 మి.మీ.; అక్షరానికీ అక్షరానికీ మధ్య 16 డిగ్రీలు. ఆ లెక్కన చివరి ‘ఎం’ ముద్ర మధ్యగా గీసిన నిలువు గీతకు 80 డిగ్రీల దూరంలో ఉంటే పేరులో 11 అక్షరాలు, 88 అయితే 12, 96 అయితే 13. సంగమేశ్వరానికి 13, మల్లేశ్వరానికి 11. సిద్ధేశ్వరానికి ‘హెచ్’ రాస్తే 12, రాయకపోతే 11. నాకు మూడు సార్లలో 83, 86, 91 వచ్చాయి. నిలువు గీతను తేదీ వరుసను బట్టి గీశాను. తేదీ అచ్చులు వదులుగా ఉండి ఆ వరుసే ఒరిగిపోయింది కనుక, అటూ ఇటూ అయిదు డిగ్రీల తేడా తప్పదు.

ఇక మిగిలింది ‘ఈ’కి ముందున్న అక్షరం. దాని పాదాల దగ్గర రెండు నల్లని చుక్కలు, 1.4 మి.మీ. ఎడంతో ఉన్నాయి. అదే ముద్రలో చివరి ‘ఎం’ కాళ్ల మధ్య ఎడం 2.1 మి.మీ. ఉంది కనుక, ‘ఈ’కి ముందు ‘ఎం’ ఉండే సంగమేశ్వరం దాదాపు తప్పుకున్నట్టే; ఆ పేరే కావాలని మనసులో ఎంతో కోరుకున్నాను. ‘హెచ్’ కాళ్లయితే చుక్కల మధ్య ఖాళీ ఉండాలి, ‘ఎల్’ లేదా ‘డి’ అడుగు గీత అయితే లోహం నొక్కిన సన్నని గాడి మిగలాలి. ఎప్సన్ స్కానర్ వెలుగు సమానంగా పరుస్తుంది, అందువల్ల గాడి కనబడదు. ఇలాంటి పనికి పక్కనుంచి టార్చి వేసి ఫోనుతో తీసిన ఫొటోయే మేలు, దానిలో ఎరుపు ఛానెల్‌ను గింప్‌ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో విడదీస్తే సిరా ఇంకా తేటపడుతుంది. అంతా చేశాక గాడి కనిపించింది కానీ, కార్డు మడత కూడా సరిగ్గా అక్కడి నుంచే పోయింది. అది ముద్ర గాడో, మడత గాడో చెప్పలేకపోతున్నాను.

ప్రస్తుతానికి నా ఓటు సిద్ధేశ్వరానికే. మల్లేశ్వరాన్ని కొట్టివేయడానికి మాత్రం ఆధారం లేదు; 1950 ఏప్రిల్‌కు ముందరి కార్డయితే ఆ ఒడ్డున నిజాం తపాలా ఉండేది కనుక స్టాంపు చూసే తేల్చేసేవాణ్ణి.

మైలుకు అంగుళం చొప్పున వేసిన పాత సర్వే పటాలలో ‘పీ.ఓ.’ (పోస్టాఫీసు) గుర్తు ఉంటుంది కనుక ఈ ప్రాంతపు 56 ఎల్ షీట్లలో జలాశయం నిండక ముందు ముద్రించిన ప్రతి కోసం వెతుకుతున్నాను. 1971 జనగణన కర్నూలు జిల్లా గ్రామాల పట్టిక ప్రతి దొరికింది కానీ, తపాలా గడి బైండింగు మడతలోకి పోయింది. మహబూబ్‌నగర్ సంపుటం ఇంకా చూడాలి. వేసవిలో నీరు దిగి సంగమేశ్వరాలయం బయటపడ్డాక, సోమశిల వైపు నుంచి వెళ్లి, 1981లో ఊళ్లు ఖాళీ చేసి వచ్చిన పెద్దలను కలిసి, తపాలా సంచి ఏ దారిన, ఎవరి భుజాన వచ్చేదో అడుగుతాను. ఈలోగా అదే ముద్ర పడిన రెండో కార్డు ఒక్కటి దొరికినా చాలు.