పిల్లికి షుగర్: డోసు పెంచుతున్నా దిగకపోతే ఎక్కడెక్కడ వెతకాలి

మా పిల్లికి గ్లార్జిన్ అనే, ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ పూటకు ఒక యూనిట్‌తో మొదలుపెట్టారు, పన్నెండేసి గంటల ఎడంతో రోజుకు రెండు పూటలా. నాలుగైదు కిలోల పిల్లికి మొదటి డోసు మామూలుగా ఇంతే ఉంటుంది. ఆరంభంలో రెండు యూనిట్లు దాటనివ్వరు. అంతకుముందు ఫ్రక్టోసమైన్ పరీక్ష చేయించాం. ఆసుపత్రి బల్ల మీద బెదిరిపోయిన పిల్లికి షుగర్ లేకపోయినా రక్తంలో గ్లూకోజ్ 300 దాటవచ్చు. ఆ ఒక్క అంకెను నమ్మి ఇన్సులిన్ వేయడం ప్రమాదం. ఫ్రక్టోసమైన్ అయితే గత ఒకటి రెండు వారాల సగటు చెబుతుంది. విపరీతమైన దప్పిక, లిట్టర్‌లో పెద్ద పెద్ద ముద్దలు, బాగా తింటూనే చిక్కిపోవడం, వెనక కాళ్ళ మడమలు నేలకు ఆనించి నడవడం కూడా కనిపిస్తే ఇక సందేహం ఉండదు.

మన దగ్గర అన్నిటికన్నా ముందు జాగ్రత్తపడాల్సింది సిరంజి విషయంలో. మందుల షాపుల్లో రెండు రకాల ఇన్సులిన్ సిరంజిలు దొరుకుతాయి: ఎర్ర మూతవి మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్‌కి, నారింజ మూతవి 100 యూనిట్ల ఇన్సులిన్‌కి. లాంటస్, బాసలాగ్ వంటి గ్లార్జిన్‌లు 100 రకం. వాటిని ఎర్ర మూత సిరంజితో ఒక యూనిట్ గీత వరకు లాగితే పిల్లి ఒంట్లోకి వెళ్ళేది రెండున్నర యూనిట్లు. పిల్లి ప్రాణం పోవడానికి ఈ తేడా చాలు. టౌజియో పేరుతో వచ్చే 300 రకం గ్లార్జిన్‌ని సిరంజితో అసలు తీయకూడదు. అర యూనిట్ గీతలున్న 0.3 మిల్లీలీటర్ల సిరంజి అడిగి తెప్పించుకోండి. మామూలు ఇన్సులిన్ పెన్ను ఒక్కో యూనిట్ చొప్పునే తిరుగుతుంది, పిల్లికి మాత్రం అర యూనిట్ తేడా కూడా పెద్దదే.

సూది వేయడం చాలామంది భయపడేంత కష్టం కాదు. పక్కటెముకల పక్కన గానీ తొడ దగ్గర వదులుగా ఉండే చర్మం దగ్గర గానీ చర్మాన్ని గుడారంలా పైకి లేపి, దాని అడుగున పొడిచి మందు వదలాలి. మెడ వెనక చర్మం దళసరి, రక్త ప్రసరణ తక్కువ. అక్కడ మందు ఒక్కోరోజు ఒక్కోలా ఎక్కుతుంది. రోజూ చోటు మార్చాలి. మందు బొచ్చు మీద పడిందేమోనని అనుమానం వస్తే మళ్ళీ వేయకూడదు. ఒక పూట తప్పితే షుగర్ పెరుగుతుంది, అంతే. రెండుసార్లు పడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లో గ్లూకోమీటర్ లేకుండా డోసు మార్చడం చీకట్లో చేసే పని. చెవి అంచున కనిపించే సన్నటి నరం పక్కన గుచ్చితే ఒక బొట్టు చాలు. ముందు గోరువెచ్చటి గుడ్డతో చెవిని వేడిచేస్తే రక్తం సులువుగా వస్తుంది. మనుషుల మీటర్లు పిల్లి రక్తంలో అసలుకన్నా కాస్త తక్కువ చూపిస్తాయి, అందుకని ఎప్పుడూ ఒకే మీటర్ వాడాలి. ఇంజెక్షన్ నుంచి మొదలుపెట్టి రెండేసి గంటలకోసారి పన్నెండు గంటలపాటు చూసి ఆ అంకెలతో గ్రాఫ్ గీయాలి. డోసు నిర్ణయించాల్సింది పొద్దున్నే వచ్చిన అంకెను బట్టి కాదు, ఆ రోజు అన్నిటికన్నా కిందికి దిగిన అంకెను బట్టి. అది 80 నుంచి 150 మధ్య ఉంటే డోసు సరిపోయినట్టే. 80 కన్నా దిగితే, పొద్దున 350 ఉన్నా సరే డోసు తగ్గించాల్సిందే. పెంచాల్సి వస్తే అర యూనిట్ చొప్పున, కనీసం అయిదారు రోజులు ఆగి. గ్లార్జిన్ ప్రభావం నిలకడకు రావడానికి ఆ వ్యవధి కావాలి. రోజూ డోసు మారిస్తే ఏ అంకె ఎందుకు వచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

కొత్తలో ఇంజెక్షన్ ముందు అంకె 200 లోపు ఉంటే ఆగి, తిండి పెట్టకుండా అరగంట తర్వాత మళ్ళీ చూడాలి. పెరగకపోతే ఆ పూట మానేసి డాక్టర్‌కి ఫోన్ చేయాలి. 60 కన్నా తక్కువైతే వెంటనే తిండి పెట్టాలి. తూలుతున్నా, వణుకుతున్నా తేనె గానీ గ్లూకోజ్ నీళ్ళు గానీ చిగుళ్ళకు రాసి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఫిట్స్‌లో ఉన్నప్పుడు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక అసలు చిక్కు. డోసు పెరుగుతూ కిలోకు ఒకటిన్నర యూనిట్లు దాటినా అంకెలు 300 పైనే ఉంటే ఇంకా పెంచుకుంటూ పోవడం తప్పు. మొదట చేతిలోని మందును అనుమానించాలి: ఫ్రీజర్‌కి ఆనుకుని గడ్డకట్టిందా, ఎండాకాలం కారులో ఉండిపోయిందా, సీసా ఎప్పుడు తెరిచారు. తర్వాత తిండి. డ్రై ఫుడ్‌లో పిండి పదార్థం ఎక్కువ. మాంసం ఎక్కువుండే వెట్ ఫుడ్‌కి మారిస్తే చాలా పిల్లులకు ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. అయితే మార్పు మెల్లగా, రోజూ షుగర్ చూసుకుంటూ జరగాలి, లేకపోతే పాత డోసే ఎక్కువైపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే జబ్బు మరోచోట ఉందన్నమాట. స్టెరాయిడ్లు ఇన్సులిన్‌ని పనిచేయనివ్వవు. దురదకో నోటి పుండ్లకో వేసిన దీర్ఘకాలిక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ప్రభావం వారాల తరబడి ఉంటుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ పైకి ఏ లక్షణమూ లేకుండానే ఉండొచ్చు, కాబట్టి మామూలు మూత్ర పరీక్షతో ఆగకుండా కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) అడగాలి. పాంక్రియాస్ వాపు వచ్చి పోతూ ఉంటుంది, ఇన్సులిన్ అవసరమూ దాంతో పాటే ఎగిరి పడుతుంది. వయసు మళ్ళిన పిల్లికి థైరాయిడ్ కూడా చూడాలి. చర్మం కాగితంలా పలచబడి చిరుగుతుంటే కుషింగ్స్ (ఒంట్లోనే స్టెరాయిడ్ హార్మోన్ అతిగా తయారయ్యే జబ్బు) గుర్తుకు రావాలి.

ఎక్కువమంది వదిలేసేది ఆక్రోమెగలీ. మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథిలో గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ అతిగా వచ్చి, ఇన్సులిన్‌ని పనిచేయనివ్వదు. బ్రిటన్‌లో 1,200కు పైగా షుగర్ పిల్లుల రక్తం పరీక్షించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు నాలుగో వంతు పిల్లుల్లో ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే రక్తంలో పెరిగే మరో హార్మోన్) స్థాయి మిల్లీలీటరుకు 1000 నానోగ్రాములు దాటింది. షుగర్ అదుపులో లేకపోయినా బరువు పెరగడం, గురక, దవడ వెడల్పవడం దీని గుర్తులు, కానీ చాలా పిల్లులు మామూలుగానే కనిపిస్తాయి. ఇన్సులిన్ మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఈ ఐజీఎఫ్-1 పరీక్ష చేయించడం మంచిది, అంతకుముందు ఫలితం తప్పుగా తక్కువ రావచ్చు.

మా పిల్లి విషయంలో కారణం నోట్లోనే దొరికింది: తీవ్రమైన చిగుళ్ళ వాపు, దానికోసం పడుతున్న స్టెరాయిడ్. దవడ పళ్ళు తీయించడమే అసలు చికిత్స అయింది. మత్తు ఇచ్చే రోజు పొద్దున డాక్టర్ సగం డోసే వేయించారు. పళ్ళు తీసి, స్టెరాయిడ్ ప్రభావం కరిగిపోతున్న కొద్దీ ఇన్సులిన్ అవసరం చకచకా పడిపోయింది. ఈ దశ మొదటి వారాలకన్నా ప్రమాదకరం. పూట పూటకీ ఇంజెక్షన్ ముందు షుగర్ చూసి, డాక్టర్ చెప్పినట్టు అర యూనిట్ చొప్పున దించుకుంటూ వచ్చాం. ఇన్సులిన్ చాలక ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటే కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి, అందుకని ఈ దించే కాలంలో మూత్రంలో కీటోన్ స్ట్రిప్ ముంచి చూడటం మానకూడదు. తిండి మానేసిన పిల్లిలో కీటోన్లు కనబడితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.