కామన్ యాపా, యూనివర్సిటీ సొంత ఫారమా: నా అనుభవం

నేను ఇంటర్ ఎంపీసీ చదివింది విజయవాడలో. పొద్దున స్టడీ అవర్‌కి కూర్చుంటే రాత్రి దాకా అదే బెంచీ. అలాంటి కాలేజీ నుంచి అమెరికాలో డిగ్రీకి అప్లై చేద్దామని దసరా సెలవుల్లో కూర్చున్నా. చాలా అమెరికా కాలేజీలకి ఉమ్మడిగా ఉండే ఆన్‌లైన్ ఫారం కామన్ యాప్. ఆగస్టు 1నే తెరిచే దానికి అప్పటికే ఆలస్యం.

కామన్ యాప్ ఒకసారి నింపితే 20 కాలేజీల దాకా పంపుకోవచ్చని విని, మన కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం లాంటిదే అనుకున్నా. కాదు. సొంత వివరాలు, యాక్టివిటీలు, 650 పదాల్లోపు ఒక వ్యాసం, ఇవే అందరికీ ఉమ్మడి. తర్వాత చాలా కాలేజీలు తమ ప్రశ్నలు తాము అడుగుతాయి, ఫీజు దేనికది, సీటు ఇచ్చేదీ లేనిదీ ఎవరికి వారే చెప్తారు.

యాక్టివిటీలకి 10 గడులున్నాయి. నాకున్నవి రెండు: సెలవుల్లో నాన్న ఎరువుల కొట్లో ఖాతాలు రాయడం, అపార్ట్‌మెంట్ పిల్లలకి లెక్కలు చెప్పడం. మిగతా ఎనిమిదీ ఖాళీగా వదిలేశా (ఇంటర్ పిల్లాడికి ఇంకేం ఉంటాయి చెప్పండి).

అసలు చిక్కు లేఖల దగ్గర వచ్చింది. కౌన్సెలర్ (విద్యార్థులకి సలహాలిచ్చే కాలేజీ ఉద్యోగి) స్కూల్ రిపోర్ట్, అంటే కాలేజీ గురించీ మన గురించీ వివరాలు, పంపాలి, లెక్చరర్లు సిఫార్సు రాయాలి, అదీ వాళ్ళ ఈమెయిల్‌కి వచ్చే లింకులోంచే. మా కాలేజీలో కౌన్సెలర్ అనే మనిషే లేరు కాబట్టి ప్రిన్సిపాల్ సార్ దగ్గరికి వెళ్తే, "ఎంసెట్ పెట్టుకుని ఇప్పుడు ఈ గోలేంట్రా?" అన్నారు. మ్యాథ్స్ సార్‌కి వెళ్ళిన లింక్ స్పామ్‌లో పది రోజులు పడుంది. ఆయన ఫోన్ తీసుకుని వెతికితే దొరికింది.

నా లిస్టులో ఒక యూనివర్సిటీ కామన్ యాప్, తన సొంత ఫారం, రెండు దారులూ ఇచ్చింది. సొంత ఫారంలో లేఖలు అడగలేదు, మార్కులు మనమే టైప్ చేస్తే చాలు, మెమోలు తర్వాత అడుగుతారు. దేనిలో వేస్తే మంచిదని అడ్మిషన్స్ వాళ్ళకి మెయిల్ పెడితే, రెండూ మాకు ఒకటే, ఏదో ఒకటే పంపండి అని జవాబిచ్చారు. ఇంకేం ఆలోచించకుండా సొంత ఫారంలోనే వేశా, లెక్చరర్ల వెనక తిరిగే ఓపిక నాకు అప్పటికే అయిపోయింది.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా విషయంలో ఎంచుకోవడానికే లేదు. కామన్ యాప్‌లో దాని కోసం వెతుకుతూ ఒక సాయంత్రం పోగొట్టుకున్నాక తెలిసింది, డిగ్రీ చదివించే వాళ్ళ తొమ్మిది క్యాంపస్‌లకీ కలిపి వేరే ఫారం ఉందని. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోటి 350 పదాల్లోపు రాయాలి, గడువు నవంబర్ నెలాఖరు. శాట్ (అమెరికా కాలేజీల ప్రవేశానికి రాసే పరీక్ష) చూడరు, ఫారంతో లేఖలు అడగరు. కానీ తొమ్మిదో తరగతి నుంచి మార్కులు కావాలి. ఆ ప్రోగ్రెస్ కార్డు కోసం అమ్మ అటక మీదున్న రెండు ట్రంకు పెట్టెలూ దింపింది.

ఇంతా చేసి పేరు దగ్గర దొరికిపోయా. సొంత ఫారంలో పేరు మెమోలో ఉన్నట్టే, ఇంటిపేరు ముందు పెట్టి కొట్టా. టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) స్కోరు పాస్‌పోర్టులో ఉన్న పేరుతో వెళ్ళింది. రెండూ ఒకే మనిషివని వాళ్ళ సిస్టమ్‌కి తెలియలేదు, పోర్టల్‌లో మూడు వారాలు స్కోరు రాలేదనే చూపించింది. టెన్షన్‌తో రోజుకి నాలుగుసార్లు తెరిచి చూసేవాణ్ణి. చివరికి పాస్‌పోర్టు మొదటి పేజీ, మెమో రెండూ జత చేసి మెయిల్ పెడితే రెండు రోజుల్లో సరిచేశారు. కామన్ యాప్ నింపేటప్పుడు పాస్‌పోర్టు పక్కనే పెట్టుకున్నా కాబట్టి అక్కడ ఈ తంటా రాలేదు.