పార్కు కట్టడం వేరు, నిలబెట్టడం వేరు

విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధి పార్కు అభివృద్ధిపై నిన్న సంక్షేమ సంఘం సమావేశమైంది. ఓపెన్ జిమ్ కావాలని అందరూ ఏకగ్రీవంగా అన్నారు గానీ, మొక్కలకు నీళ్లు పోసే మనిషి జీతం మాట రాగానే ఒక్కొక్కరూ ఫోన్లు చూసుకోసాగారు. 2015లో పట్టణాల మౌలిక వసతుల కోసం కేంద్రం మొదలుపెట్టిన అమృత్ పథకం నిధుల్లో పార్కులకు గరిష్ఠంగా 2.5 శాతం కేటాయించే వీలుండేది. పది లక్షల జనాభా దాటిన మన నగరం వంటివాటికి ప్రాజెక్టు ఖర్చులో కేంద్రం వాటా మూడో వంతే ఉండేది. అదీ నిర్మాణానికే. మా ఉయ్యాల గొలుసు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఒక్క కొక్కెం మీద వేలాడుతోంది. దాన్ని మార్చడానికి పెద్ద పథకాలు అక్కర్లేదు, ఏటా కొంత సొమ్ము చేతిలో ఉంటే చాలు. 2014లో హుద్‌హుద్ తుపాను కూల్చిన చెట్ల చోట వేప, కానుగ నాటమని కోరాను. (ఫౌంటెన్ అడిగినవారూ ఉన్నారు!) నిర్వహణ ఖర్చు చూపని ప్రతిపాదనపై సంతకం చేయనని అధ్యక్షులవారికి చెప్పి వచ్చాను.