యూదు మహిళల బృందానికి కార్యక్రమాలు ప్లాన్ చేస్తూ ఒక ఏడాది: నా అనుభవం

న్యూజెర్సీలో, ఎడిసన్‌కి దగ్గర్లో ఉన్న ఒక సినగాగ్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం చేస్తున్నాను. సినగాగ్ అంటే యూదుల ప్రార్థనా మందిరం. అక్కడి మహిళా బృందానికి ఏడాది పొడుగునా కార్యక్రమాలు ప్లాన్ చెయ్యడం నా పని. తేదీ, హాలు, వంట, సామాను, పిలుపులు, ఖర్చు అన్నీ నేనే చూసుకోవాలి. బృందంలో ఎనభై ఏళ్ల అమ్మమ్మల దగ్గర్నుంచి చంటిపిల్లలతో వచ్చే అమ్మాయిల దాకా ఉన్నారు. మాది రాజమండ్రి. చిన్నప్పుడు మిషన్ స్కూల్లో విన్న మోషే కథ, ఎస్తేరు కథ తప్ప యూదుల గురించి నాకు పెద్దగా తెలియదు. ఇక్కడి కమ్యూనిటీ సెంటర్లలో, స్కూళ్లలో ఇలాంటి పనిలో చేరిన తెలుగు ఆడవాళ్లు కొందరు "ఎలా చేస్తున్నావు?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు చూడాల్సింది క్యాలెండర్. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి ఆకాశంలో మూడు చుక్కలు కనిపించేదాకా సబ్బాతు, అంటే వాళ్ల వారపు విశ్రాంతి దినం. పాటించేవాళ్లు ఆ సమయంలో రాయరు, కత్తిరించరు, పొయ్యి వెలిగించరు, కారు తియ్యరు, ఫోన్ ముట్టరు, డబ్బు చేతబట్టరు. అంటే శనివారం సాయంత్రం కార్యక్రమం పెడితే, ఆ పగలు హాలు అలంకరించడానికి ఎవరూ రారు. చలికాలంలో పెందరాళే చీకటి పడుతుంది కాబట్టి శనివారం రాత్రి ఏదో ఒకటి పెట్టుకోవచ్చు. జూన్‌లో చుక్కలు పొడిచేసరికి పిల్లల తల్లులకి నిద్రవేళ దాటిపోతుంది. పైగా వాళ్లకి రోజు మొదలయ్యేదే సూర్యాస్తమయంతో. అందుకే మా పోస్టర్ల మీద ఉత్త తేదీ ఎప్పుడూ వెయ్యం, "గురువారం సాయంత్రం" అని వారం, పూట కూడా వేస్తాం.

పండగలన్నీ చాంద్రమానం మీదే. ఇక్కడ మాత్రం నాకు పంచాంగం పనికొచ్చింది. వాళ్లు కూడా 19 ఏళ్లలో 7 అధిక మాసాలు వేస్తారు. కాకపోతే మనకి అధికం ఏ నెలకైనా రావొచ్చు, వాళ్లకి ఎప్పుడూ అదారు నెలకే వస్తుంది. పస్కా, గుడారాల పండగ రెండూ నెలలో పదిహేనో రోజున, పౌర్ణమికి అటూ ఇటూగా మొదలవుతాయి. 2025లో వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానా సెప్టెంబర్ 22 సాయంత్రం వచ్చింది. మన శరన్నవరాత్రులు మొదలైంది కూడా ఆ రోజే. నా బల్ల దగ్గర గోడకి రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకున్నాను.

నెల మొదటి రోజుని రోష్ హోదెష్ అంటారు. అది ఆడవాళ్ల రోజు. మోషే కొండ మీద ఉండగా కింద జనం బంగారు దూడని పోతపోస్తే, ఆడవాళ్లు తమ నగలు ఇవ్వడానికి ఒప్పుకోలేదని, అందుకు ప్రతిఫలంగా ఈ రోజు పనిలోంచి వాళ్లకి విరామం దొరికిందని ఒక పాత ఐతిహ్యం. అమెరికాలో 1970ల నుంచి చాలాచోట్ల మహిళా బృందాలు రోష్ హోదెష్‌కి కలుసుకోవడం మళ్లీ మొదలుపెట్టాయి. మా బృందంలో పెద్దావిడ ఒకరు ఈ మాట చెప్పాక, వీలైనంతవరకు మా కార్యక్రమాలని రోష్ హోదెష్ చుట్టూనే పెట్టాలని అనుకున్నాం. ఎవరినీ అడగకుండానే తేదీలు అందరికీ గుర్తుంటాయి.

అలా 2025 నవంబర్ 20, గురువారం సాయంత్రం కిస్లేవు నెల మొదలైనప్పుడు హల్లా రొట్టెల కార్యక్రమం పెట్టాం. హల్లా అంటే సబ్బాతు బల్ల మీద పెట్టే అల్లిక రొట్టె. గురువారం పిండి కలిపి, పాయలు అల్లి, అల్యూమినియం ట్రేలో పెట్టి ఇంటికి పట్టుకెళ్తారు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి శుక్రవారం కాలుస్తారు. నవంబర్‌లో ఇక్కడ శుక్రవారం నాలుగుంపావు ప్రాంతంలోనే దీపాలు వెలిగించాలి కాబట్టి, ముందురోజే పిండి అయిపోతే ఉద్యోగాలకెళ్లే వాళ్లకి ఎంతో సుఖం. అంతమంది రొట్టెలు మా ఓవెన్‌లో పట్టవు అన్న చిక్కు కూడా దాంతోనే తీరింది.

పిండి కొలత విషయం నన్ను బాగా ఆకట్టుకుంది. కలిపిన ముద్దలోంచి ఆలివ్ కాయంత తీసి పక్కన పెట్టడం వాళ్ల ఆచారం. పూర్వం దేవాలయం ఉన్నప్పుడు అది యాజకులకి వెళ్లేది. ఇప్పుడు రేకులో చుట్టి కాల్చేస్తారు. ఆ ముద్ద తీసేటప్పుడు ఆశీర్వచనం చెప్పాలంటే పిండి తగినంత ఉండాలి. మా రబ్బీగారి (మత గురువు) లెక్కలో 1.67 కేజీలు దాటాలి. మనిషికో గిన్నె, గిన్నెకి అరకేజీ పిండి పెడితే ఎవరికీ ఆ ఆశీర్వచనం దక్కదు. అందుకని బల్లకి ఒక పెద్ద తొట్టి పెట్టి, ఇక్కడ దుకాణాల్లో దొరికే 5 పౌండ్ల పిండి సంచీ మొత్తం అందులో పోయించాం. అంటే 2.27 కేజీలు. ఒక్కో బల్ల చుట్టూ చేరినవాళ్లంతా అదే తొట్టిలో చేతులు పెట్టి పిసికారు. ముద్ద తీసే గౌరవం ఆ బల్లలో పెద్దావిడది. ఆ క్షణంలో తమవాళ్లలో జబ్బుపడ్డవాళ్ల పేర్లు, పెళ్లి కావాల్సినవాళ్ల పేర్లు తలుచుకుంటారు. ఒక బల్ల దగ్గర పేర్లు చెప్పడం చాలాసేపు సాగింది. హాల్లో మిగతావాళ్లందరూ కదలకుండా ఆగారు.

గుడ్లు తిన్నగా తొట్టిలో కొట్టకూడదు. ఒక్కో గుడ్డూ గాజు గ్లాసులో కొట్టి, దీపం వైపు ఎత్తి, నెత్తుటి చుక్క లేదని చూశాకే పోయాలి. వెన్న వాడం, నూనే వాడతాం. పాలకి సంబంధించింది పడితే ఆ రొట్టె శుక్రవారం రాత్రి మాంసం భోజనంలోకి పనికిరాదు.

పిండి పొంగడానికి పట్టే గంటన్నర ఏం చెయ్యాలన్నది అసలు ప్రశ్న. ఉపన్యాసం పెడదామన్నారు కొందరు. చేతులు పనిలో ఉంటేనే మాటలు వస్తాయని నా నమ్మకం. అందుకే హల్లా మీద కప్పే గుడ్డ కుట్టే పని పెట్టాం. తెల్లటి నూలు గుడ్డ, నాలుగు రంగుల దారాలు, ముందే గీసిన దానిమ్మ పండు బొమ్మ. దేవుడి పేరు హీబ్రూలో ఉన్న వాక్యాలు మాత్రం గుడ్డ మీద గియ్యలేదు. ఆ పేరు రాసిన వస్తువు చిరిగినా చెత్తలో వెయ్యకూడదు, భద్రపరిచి భూమిలో పాతాలి. "షబ్బాత్ షాలోమ్" అని రాస్తే చాలనుకున్నాం. కుట్టు రాని అమ్మాయిల పక్కన అమ్మమ్మలని కూర్చోబెట్టాను. అలా కూర్చోబెట్టడం కోసం పేర్ల చీటీలు ముందురోజు సాయంత్రమే రాసుకున్నాను. నా దృష్టిలో ఆ రోజు మేం చేసిన ఏర్పాట్లలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

ఈస్ట్ నీళ్లు నురగ కడుతున్న ఏడు గంటలకి రాజమండ్రిలో శుక్రవారం తెల్లవారుజాము అయిదున్నర. పోలి పాడ్యమి. మా అమ్మ గోదావరి రేవులో అరటిదొప్పలో దీపాలు వదులుతూ వీడియో పంపింది. పక్కనున్నావిడ చూసి ఏమిటని అడిగితే పోలమ్మ కథ చెప్పాను: అత్తగారు పూజసామాను దాచేసినా, పెరట్లో పత్తి ఏరి, కవ్వానికంటిన వెన్న రాసి దీపం పెట్టిన చిన్నకోడలు. ఆ కథ బల్ల నుంచి బల్లకి పాకింది. సైబీరియా నుంచి వచ్చిన ఒకావిడ, మతం పాటించడం కష్టమైన సోవియట్ రోజుల్లో వాళ్ల అమ్మమ్మ కిటికీలకి దుప్పట్లు కట్టి సబ్బాతు దీపాలు వెలిగించేదని చెప్పారు.

ఇక వంటిల్లు. నేను చేరకముందు, చాలామందికి నచ్చే భోజనం బయటి నుంచి తెప్పించి, కోషర్ అనే యూదుల ఆహార నియమాలు గట్టిగా పాటించే ఇద్దరు ముగ్గురికి మాత్రం సీలు వేసిన ప్యాకెట్ ఇచ్చేవారు. మర్యాదగానే ఇచ్చేవారు. కానీ అందరూ వడ్డించుకుంటుంటే వాళ్లు ఒక మూల కూర్చుని రేకు విప్పుకుని తినేవారు. అది చూసి నా మనసు ఒప్పుకోలేదు. మనూళ్లో పంక్తిలో ఒకరిని పక్కన కూర్చోబెడితే అదెంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. కమిటీలో అడిగాను: అందరిలోకీ గట్టి నియమం ఉన్నావిడ ఏం తింటారో అదే అందరికీ పెడితే ఎవరికైనా అభ్యంతరమా అని. ఖర్చు పెరుగుతుందన్నారు, నిజమే. మాంసం మానేసి శాకాహారం పెట్టి ఆ ఖర్చు సర్దాం. అప్పటి నుంచి ఒకే వంట, ఒకే వడ్డన.

ఆ నియమం నాకూ వర్తించింది. 2026 ఫిబ్రవరి 1 సాయంత్రం తు బిష్వాత్, చెట్ల కొత్త సంవత్సరం. గోధుమ, బార్లీ, ద్రాక్ష, అంజూర, దానిమ్మ, ఆలివ్, ఖర్జూరం అనే ఏడు పంటలతో బల్ల నింపుతారు. నన్ను పులిహోర చెయ్యమన్నారు. ఇంటి నుంచి వండి తేవడానికి లేదు. సినగాగ్ వంటింట్లోనే, అక్కడి గిన్నెలతోనే, కోషర్ పర్యవేక్షకుడి ఎదుటే చెయ్యాలి. పొయ్యి ఆయనే వెలిగించారు. యూదులు కానివాళ్లు వండేటప్పుడు అది పద్ధతి. ఒక్కో కరివేపాకూ నీళ్లలో ఝాడించి, లైటు వెలిగే పలక మీద పరిచి, పురుగు లేదని ఇద్దరం చూశాం. చింతపండు, నూనె కోషర్ ముద్ర ఉన్నవే కొన్నాను. ఇంగువలో గోధుమపిండి కలుస్తుంది, ముద్ర ఉన్న డబ్బా దొరకలేదు, కాబట్టి ఇంగువ లేకుండానే పోపు పెట్టాను. ఆ రోజు నియమం గట్టిగా పాటించే ఆవిడే అందరికన్నా ముందు రెండోసారి వడ్డించుకున్నారు. నాకు కళ్లు చెమర్చాయి.

భద్రత గురించి కూడా చెప్పాలి. 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లో సినగాగ్‌లోకి దూరిన దుండగుడు 11 మందిని కాల్చి చంపాడు. ఆ తర్వాత ఇక్కడ చాలా సినగాగ్‌లలో తలుపులు బార్లా తెరిచి ఉంచడం లేదు. బయటికి వెళ్లే మా పోస్టర్‌లో చిరునామా ఉండదు. పేరు నమోదు చేసుకున్నవాళ్లకే పంపుతాం. గార్డు ఖర్చు అన్నిటికన్నా ముందు బడ్జెట్‌లో రాస్తాను.

ఖర్చు తక్కువ, సరదా ఎక్కువ అయినది మాజాంగ్ రాత్రి. చైనా నుంచి వచ్చిన ఈ పలకల ఆటని అమెరికా యూదు ఆడవాళ్లు తమ సొంతం చేసుకున్నారు. 1937లో న్యూయార్క్‌లో జాతీయ మాజాంగ్ లీగ్ పెట్టినవాళ్లూ వాళ్లే. లీగ్ ఏటా కొత్త కార్డు వేస్తుంది, ఆ ఏడు ఏ వరసలు చెల్లుతాయో అందులో ఉంటాయి. అమెరికన్ సెట్లో 152 పలకలు. బల్లకి నలుగురు, టీ, సీలు వేసిన బిస్కెట్లు ఉంటే చాలు. భర్త పోయి ఇల్లు కదలని ఒకావిడ మొదట వచ్చింది ఈ ఆటకే.

అన్నిటికన్నా తల బద్దలు కొట్టుకున్నది మహిళల సెదెర్ కోసం. సెదెర్ అంటే పస్కా రాత్రి ఐగుప్తు (ఈజిప్టు) నుంచి విడుదలైన కథ చదువుతూ చేసే భోజనం. ఇంట్లో ఆ రాత్రి ఆడవాళ్లకి వంట, వడ్డనతోనే సరిపోయేది. 1976లో న్యూయార్క్‌లో కొందరు ఆడవాళ్లు కలిసి తమ కోసమే ఒక సెదెర్ చేసుకున్నారు. అది తర్వాత ఎన్నో ఊళ్లకి పాకింది. ఏలీయా ప్రవక్త ద్రాక్షారసపు గిన్నె పక్కన మోషే అక్క మిర్యాముకి నీళ్ల గిన్నె పెట్టడం కూడా ఇలాంటి బృందాల్లోంచే వ్యాపించింది. ఎడారిలో జనానికి నీళ్లిచ్చిన బావి ఆమె పుణ్యమేనని ఐతిహ్యం.

చిక్కు బియ్యం దగ్గర వచ్చింది. పస్కా రోజుల్లో తూర్పు యూరప్ మూలాలున్నవాళ్లు బియ్యం, పప్పులు ముట్టరు. ఇరాక్ వైపువాళ్లలో చాలామంది, మొరాకో కుటుంబాల్లో కొందరు తింటారు. గట్టి నియమమే అందరికీ అని నేను పెట్టిన పద్ధతి ఇక్కడ కొందరి అమ్మమ్మల వంటనే బల్ల మీంచి తీసేస్తుంది. మొరాకో కుటుంబపు ఆవిడ అదే అడిగారు: "పస్కా బల్ల మీద మా అన్నం లేకపోతే అది మా పస్కా ఎలా అవుతుంది?" ఆవిడ అన్నది న్యాయం. నియమం మార్చలేం, ఆవిడని పక్కన పెట్టలేం. మళ్లీ క్యాలెండర్ తీశాను. 2026లో పస్కా ఏప్రిల్ 1 సాయంత్రం. వంటింటిని పస్కాకి మార్చే శుద్ధి దానికి ముందు వారం. కొందరు నీసాను నెల పుట్టిన దగ్గర్నుంచి, పస్కాకి తినే పులియని రొట్టె కూడా పండగ దాకా తినరు. ఆ నెల మార్చి 18 సాయంత్రం మొదలైంది. మార్చి 15 ఆదివారం పెడితే రెండూ తప్పిపోతాయి. అన్నమూ ఉంటుంది, పులియని రొట్టే ఉంటుంది. రబ్బీగారిని అడిగితే సరేనన్నారు.

ఇంటి వంట తేకూడదు కాబట్టి ఆ పొద్దున పది గంటలకే అందరినీ సినగాగ్ వంటింటికి రమ్మన్నాం. హరోసెత్ అనే తీపి ముద్ద మూడు రకాలు తయారైంది. పోలండ్ వైపుది ఆపిల్, అక్రోట్లతో, మొరాకోది ఖర్జూరంతో చేసి ఉండలు కట్టింది, ఇరాక్‌ది ఖర్జూరపు పాకంతో. ఎవరిది అసలైనదన్న వాదన మధ్యాహ్నం దాకా నడిచింది. మొరాకో ఆవిడ ఉండలు కట్టడం నేర్పుతుంటే, నియమాలు గట్టిగా పాటించే ఆవిడ ఆవిడ పక్కనే నిలబడి ఖర్జూరాల్లో గింజలు తీశారు. వచ్చే ఏడాది సాయంత్రం భోజనం కొంచెం తగ్గినా ఫరవాలేదు, పొద్దుటి వంటకి ఇంకా సమయం కావాలని వెళ్లేముందే చెప్పేశారు. 2027 వాళ్లకి అధిక అదారు ఉన్న ఏడాది, పస్కా ఏప్రిల్ 21 సాయంత్రానికి వెళ్లింది. ఏప్రిల్ 4 ఆదివారానికి వంటిల్లు తెల్లవారి ఎనిమిదింటి నుంచే నా పేరు మీద రాయించాను.